మా అత్త ఏ గడిలోకి వస్తుంది?

మెడలో ఐడీ కార్డు వేలాడితే చాలు, లోకమంతా అర్థమైపోయిందనుకునే రోజులవి. మాదాపూర్‌లో నా మొదటి ఉద్యోగం. ఏ దేశపు ఆసుపత్రుల్లో ఎవరెవరు, ఎంతమంది పనిచేస్తారో పోల్చి ఒక విదేశీ క్లయింటుకి పట్టిక తయారుచేయాలి. తీరా దిగాక బుర్ర తిరిగిపోయింది. ఒక దేశంలో డాక్టరు చేసే పని ఇంకో దేశంలో నర్సు చేస్తుంది. కొన్నిచోట్లయితే రోగికి ఒళ్లు తుడవడానికి, పక్కకు తిప్పడానికి కూడా జీతాలిచ్చి మనుషుల్ని పెడతారట! మన దేశం వరుసలో ఆ పనివాళ్ల గడి దగ్గర ఆగిపోయాను. మా టీమ్ లీడ్ (కోస్తా ఆయన, తిట్టినా ‘అండి’ అనే తిట్టేవారు) మాత్రం తేల్చి చెప్పేశారు, శుక్రవారం క్లయింటుతో కాల్ బాగా జరిగితేనే నా ఉద్యోగం పర్మనెంటని.

సరిగ్గా ఆ వారమే నాన్నకు బాలానగర్ దగ్గర ఒక దవాఖానలో హెర్నియా ఆపరేషన్. నేనేమో కొత్తగా నేర్చిన విద్యంతా ఒలకబోస్తూ, నాన్నను పక్కకు తిప్పాలి, మీ కేర్ అసిస్టెంటును పంపిస్తారా అని నర్సును అడిగాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, “కొడుకువు నువ్వే కదా? ఇగ నువ్వే పట్టు” అంది. పట్టాను. ఎక్కడ పట్టానో ఏమో, నాన్న పెట్టిన కేకకు పక్క మంచం ఆయన లేచి కూర్చున్నాడు. “నువ్వొద్దు గని, మీ అత్తకు ఫోన్ చేయి” అన్నాడు నాన్న.

మా మేనత్త ప్రగతి నగర్ నుంచి ఫ్లాస్కు, దుప్పటి పట్టుకుని దిగింది. మా చుట్టాల్లో ఎవరు దవాఖానలో చేరినా తోడుండేది ఆమే. నాన్నను గదమాయించి జావ తాగించింది, ఒళ్లు తుడిచింది, సెలైన్ అయిపోవస్తుంటే నర్సును పిలుచుకొచ్చింది. నేను గోడకానుకుని, ఈమెను ఏ గడిలో వేయాలా అని తల పట్టుకున్నాను.

శుక్రవారం క్లయింటు మేడం అడగనే అడిగింది, మీ దేశంలో రోగికి ఒళ్లు తుడిచే పని ఎవరు చేస్తారని. సున్నా అని చెప్పమని లీడ్ గారు బల్ల కింద కాలు తొక్కుతున్నారు. సున్నా అని ఎలా అంటాను, కళ్లారా చూశాక? “మా అత్త” అనేశాను. ఆవిడ నవ్వలేదు. ఆమెకు శిక్షణ ఎవరిచ్చారు, జీతం ఎవరిస్తారు, ఆమె రాలేకపోతే ఎలా అని వరసగా అడిగింది. ఫోన్ చేస్తే వస్తుందని మాత్రం చెప్పాను. “ప్రొబేషన్ ఇంకో మూడు నెలలు పొడిగించారండి” అన్నారు లీడ్ గారు సాయంత్రం.

దిగులుగా దవాఖానకు వెళ్లి అత్తకు చెప్పాను. నన్ను లెక్కల్లో రాయమని నిన్నెవరడిగిన్రని ముందు నవ్వింది. తర్వాత ఫ్లాస్కు మూత బిగిస్తూ, “అయితేరా, నేనీడున్నన్ని దినాలు మా ఇంట్ల పొయ్యి ముట్టించినోళ్లను ఏడ రాస్తవు?” అంది. నా లెక్క మళ్లీ మొదటికొచ్చింది.

ఆ మూడు నెలలూ గడిచి ఉద్యోగం నిలబడింది. ఆ గడి మాత్రం ఖాళీగానే పోయింది. ఇప్పుడు నా కింద పనిచేసే పిల్లలు కూడా సరిగ్గా అక్కడే ఆగి, ఇక్కడేం రాయాలి సార్ అని అడుగుతారు. ఆ రోజుల్లో తెలియదని ఒప్పుకోవడానికి చెమటలు పట్టేవి. ఇప్పుడూ తెలియదు. జర చాయ్ తాగొద్దాం పదండి అంటాను.