లేబుల్ కడిగేసిన రికార్డు

శుక్రవారం వస్తే నాకు తలనొప్పి. ఆ రోజు నా రికార్డుల కొట్టు గోడ మీద "ఈ వారం వినవలసిన పది ఆల్బమ్‌లు" అని సుద్దముక్కతో రాస్తాను. హిప్‌హాప్ నాలుగు, ఫంక్ మూడు, సోల్ మూడు. బ్రాంక్స్‌లో సగంమంది ఆ జాబితాతో తగాదా పెట్టుకోవడానికే వస్తారు. అందరికన్నా ముందు క్లియోఫస్ టార్వర్ వస్తాడు.

1999 వేసవిలో మాత్రం అతను తగాదా పడలేదు. ఒక్కచోట నిలవనూ లేదు. బస్సు గ్యారేజీ గ్రీజు చేతులతోనే వచ్చి, పెట్టెలన్నీ తిరగేసి, తలుపు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చేవాడు. చూస్తున్న నాకే కాళ్ళు నొప్పెట్టేవి.

"ఆర్డెల్లక్కా, డమ్ డమ్, టకా డమ్... తర్వాత బాకా వస్తుంది. ఎక్కడైనా విన్నావా?"

"అలాంటివి నా దగ్గర ఆరొందలున్నాయి. పేరు చెప్పు."

"పేరే తెలిస్తే నీ మొహం చూడటానికెందుకొస్తాను?"

ఆ పేరు లేకుండా చేసింది తనే. డెబ్బైల్లో అతను మా పార్కులో వీధిదీపం స్తంభం నుంచి కరెంటు లాగి పాటలు వేసేవాడు. మంచి డ్రమ్ముల ముక్క దొరికితే ప్రాణంలా దాచుకునే రోజులవి. పోటీవాడు నడుమ పేరున్న లేబుల్ చదివేసి అదే రికార్డు కొనేస్తాడని, డీజేలు రికార్డులను స్నానాల తొట్టిలో నానబెట్టి లేబుళ్ళు గీకేసేవారు. మావాడు అట్టకవరు కూడా చించి పారేశాడు. గుర్తుకి ఎర్ర టేపు ముక్క అంటించాడు. ఇరవై ఏళ్ళు "ఎర్రటేపు" అని పిలిచేసరికి అసలు పేరు అతని బుర్రలోంచే కొట్టుకుపోయింది.

ఆ పాటకే వెర్నెల్ మొదటిసారి జనంలోంచి బయటికొచ్చి చిందేసింది. తర్వాత అతనికి భార్య అయింది. 1999 ఫిబ్రవరిలో పోయింది. అంత్యక్రియల భోజనాలప్పుడు క్లియోఫస్ చికెన్ పళ్ళెం పట్టుకుని, చూసుకోకుండా, ఆమె కోసం తనే తెచ్చి కుర్చీలో పెట్టిన ఆ రికార్డు మీద కూర్చున్నాడు. అది పగిలిన చప్పుడు నేనూ విన్నాను.

ఆగస్టు రెండో శనివారం ఆమె పేరు మీద పార్కుకి అందరినీ పిలిచాడు. ఆ పాట లేకుండా ఆమెను ఎలా తలుచుకోవాలో అతనికి తెలియలేదు. రోజులేమో దగ్గరపడుతున్నాయి.

"టైరీ గెయిన్స్‌ని అడగరాదూ?" అన్నాను. టైరీ అతని పాత పోటీదారు. ఎప్పుడూ అతని భుజం మీంచి తొంగిచూసేవాడు.

"వాణ్ణా? చచ్చినా అడగను."

"చచ్చిందెవరో మరిచిపోకు" అని నోరు జారాను. వెంటనే నాలిక కరుచుకున్నాను.

అతను వెళ్ళిపోయాడు. గురువారం మధ్యాహ్నం వచ్చి, "నువ్వూ రా అక్కా" అన్నాడు. ఇద్దరం టైరీ క్షౌరశాలకు వెళ్ళాం.

"ఇరవై ఏళ్ళు నాకు వీపే చూపించావు. ఇవాళ మొహం చూపిస్తున్నావేంట్రా?" అన్నాడు టైరీ, కత్తి ఆపి.

"ఎర్రటేపు పేరు నీకు తెలుసా?"

"తెలియకేం! నువ్వు కడగకముందే చూశాను. మర్నాడే కొన్నాను."

క్లియోఫస్ దగ్గరున్న కుర్చీ గట్టిగా పట్టుకున్నాడు. టైరీ లోపలికెళ్ళి రికార్డు తెచ్చాడు. దాని నడుమ లేబుల్ లేదు. గీకిన గీతలున్నాయి.

"మళ్ళీ ఇంకెవడైనా చూస్తాడని నేనూ కడిగేశాను" అన్నాడు టైరీ, నేలచూపులు చూస్తూ. "పేరు నాకూ గుర్తులేదు."

సగం గీసిన గడ్డంతో కూర్చున్నాయనతో సహా అందరం పగలబడి నవ్వాం. క్లియోఫస్ నవ్వు మధ్యలో ఏడుపయింది.

"తీసుకుపోరా. ఆమె చిందు నేనూ చూశాను" అని టైరీ రికార్డును అతని చేతిలో పెట్టాడు.

శనివారం పార్కులో ఆ పాట వేశారు. అయిపోగానే, ఒకప్పుడు ఒళ్ళంతా అడ్డం పెట్టి ఆ పాటను దాచిన క్లియోఫస్, రికార్డును రెండు చేతులతో పైకెత్తి చూపించాడు.

"దీని పేరు ఎవరికైనా తెలిస్తే చెప్పండి!"

ఎవరికీ తెలియలేదు. మడతకుర్చీలోంచి ముసలి హాటీ పిన్ని కసిరింది.

"తెలియకపోవడమేంట్రా? అది వెర్నెల్ పాట."

తర్వాతి శుక్రవారం జాబితాలో మొదట "వెర్నెల్ పాట" అనే రాశాను. క్లియోఫస్ చదివాడు. తలుపు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, నా చేతిలోంచి సుద్దముక్క లాక్కున్నాడు. కింద పెద్దక్షరాలతో రాశాడు: "అడిగినవారందరికీ వినిపించబడును."