రెహానా చేతికొలత

మూడేళ్ల కిందటి వేసవి. గోపాలపట్నం దాటాక హైవే పక్కనున్న మా వర్క్‌షాపుకి ఒకరోజు పార్శిల్‌లో ఒక ప్లాస్టర్ చెయ్యి వచ్చింది. కుడిచెయ్యి. మణికట్టు నుంచి వేలికొసల దాకా, గోళ్ల అంచులతో సహా స్పష్టంగా పోత పోసి ఉంది. ఎవరి చెయ్యో పేరు రాయలేదు. అంతరిక్షయానానికి శిక్షణ పొందుతున్న ఒక మహిళదని, ఆ చేతికి సరిపడే గ్లవ్ తయారుచేసి పెట్టాలని మాత్రం చెప్పారు.

మాది చిన్న సంస్థ. ఓడ మునిగితే సిబ్బంది నీళ్లలో చలికి బిగుసుకుపోకుండా తొడుక్కునే సూట్లు, డైవర్ల గ్లవ్‌లు, లైఫ్ జాకెట్లు కుడతాం. పోర్టున్న ఊరు కాబట్టి పనికి ఎప్పుడూ కొదవ లేదు. నీళ్లు లోపలికి రాకుండా కుట్టగలిగినవాళ్లు గాలి బయటికి పోకుండా కూడా కుట్టగలరని ఎవరో మా పేరు చెప్పారట. ఆ మాటలో తప్పేమీ లేదు. నేను టెక్స్‌టైల్ ఇంజినీరుని. మా నాన్న పోర్టులో ఉద్యోగం దొరికి తణుకు దగ్గర్నుంచి ఇక్కడికొచ్చారు. నేను ఈ ఊళ్లోనే పుట్టి, చదువు కాగానే ఈ పనిలోనే పడ్డాను. సీలింగ్ విషయంలో మమ్మల్ని వేలెత్తి చూపించేవాళ్లు అప్పటికీ లేరు, ఇప్పటికీ లేరు.

స్పేస్‌సూట్ మొత్తంలో కష్టమైనది గ్లవ్. సూటు లోపల గాలి ఉంటుంది, బయట శూన్యం. అందుకని సూటంతా ఉబ్బి బిర్రుగా ఉంటుంది. గట్టిగా గాలి కొట్టిన సైకిల్ ట్యూబుని చేత్తో వంచి చూడండి. ప్రతి వేలికీ అలాంటి ట్యూబు తొడిగితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. పిడికిలి బిగించిన ప్రతిసారీ చెయ్యి ఆ గాలితో పోట్లాడాలి. గ్లవ్‌లో ముఖ్యంగా రెండు పొరలు. గాలిని ఆపే రబ్బరు పొర బ్లాడర్. అది బుడగలా ఉబ్బిపోకుండా పట్టి ఉంచే గట్టి గుడ్డ రెస్ట్రెయింట్. ఎక్కడ ఎంత వంగాలో, ఎక్కడ వంగకూడదో నిర్ణయించేది ఈ రెండోదే. మా పనంతా దాని కటింగ్‌లోనే ఉంది.

మగవాళ్ల గ్లవ్‌నే కాస్త తగ్గించి కుడితే ఆడవాళ్లకి సరిపోతుందని చాలామంది అనుకుంటారు. సరిపోదు. వేలి పొడవు తగ్గినంత మాత్రాన కీలు పడే చోటు అదే లెక్కలో మారదు. కీలు ఒకచోట, గ్లవ్ మడత ఇంకొకచోట పడితే ఆ వేలు ఎందుకూ పనికిరాదు. మాకు పని వచ్చింది కూడా ఇందుకే.

ప్లాస్టర్ చేతికి గ్లవ్ తొడగొచ్చు గానీ దానిచేత స్క్రూ తిప్పించలేం. ఆ చేతి మనిషి శిక్షణ మానుకుని రోజూ మా దగ్గరికి రాలేరు. అచ్చం అదే కొలతలున్న చెయ్యి ఊళ్లో ఇంకొకటి కావాలి. మా దగ్గర పనిచేసే ఆడవాళ్ల చేతులు కొలిచాం. నర్సింగ్ కాలేజీకి వెళ్లి కొలిచాం. అరచెయ్యి కలిస్తే వేళ్లు కలవలేదు. చివరికి మా కటింగ్ మాస్టర్ సింహాచలం ఒక మాట చెప్పాడు. అతనిది వన్ టౌన్, పోర్టు దగ్గరి పాత ఊరు.

"మేడమ్, మా ఈదిలో రెహానా అని ఒకమ్మాయుంది. ఆల నాన్నది అత్తరు కొట్టు. పెళ్లిళ్లకి ఎల్లి మెహందీ పెడతాది. దాని సెయ్యి ఈ బొమ్మసెయ్యిలాగే ఉంటాది. ఓపాలి కొలిసి సూడండి."

రెహానా మర్నాడే వచ్చింది. ముప్పై దాటి ఉండవు. బురఖా అంచు సర్దుకుని, టేబుల్ మీద ప్లాస్టర్ చెయ్యి పక్కనే తన చెయ్యి పెట్టింది. కొలవకముందే సింహాచలం నవ్వేశాడు. కొలిచాక నేనూ నవ్వాను.

"ఏటి మేడమ్, నా సెయ్యి ఆకాశంలోకి ఎల్తాదా?"

"నీ చెయ్యి వెళ్లదమ్మా. నీ చేతి మీద సరిచూసిన గ్లవ్ వెళ్తుంది. అన్నీ కుదిరితే."

"అదైనా సాలు," అంది.

మా దగ్గర గ్లవ్ బాక్స్ అని ఒక పెట్టె ఉంది. దాని గోడకున్న గుండ్రటి రంధ్రానికి గ్లవ్‌ని బిగించి, పెట్టెలో గాలి తోడేస్తాం. గ్లవ్ లోపలికి ఉబ్బుతుంది. మనిషి బయట కూర్చుని చెయ్యి అందులోకి దూర్చి, ముందున్న గాజులోంచి చూస్తూ పని చేయాలి. కొక్కెం తగిలించడం, స్విచ్ వేయడం, స్క్రూ తిప్పడం లాంటివి. ఎంతసేపట్లో చేసింది, ఎన్నిసార్లు జారవిడిచింది అన్నదాన్ని బట్టి కంప్యూటర్ స్కోరు ఇస్తుంది. గ్లవ్ తీశాక, "నొప్పేమీ లేదుగా?" అని నేను అడిగేదాన్ని. "నేదు మేడమ్" అనేది.

రెహానా అసాధ్యురాలు. మొదటి నమూనాతోనే మేము ఊహించినదానికన్నా బాగా చేసింది. రెండోది ఇంకా బాగా, మూడోది అంతకన్నా బాగా. మా మేనేజర్ మూర్తిగారు స్కోర్లు చూసి ఉబ్బిపోయారు. డిజైన్ ఫ్రీజ్‌కి పంపేద్దామన్నారు. ఫ్రీజ్ అంటే ఇక ఈ కటింగ్ మార్చం అని ఒప్పుకోవడం. ఆ తర్వాత ఖరీదైన అసలు గుడ్డ మీద కత్తెర పడుతుంది.

ఫ్రీజ్‌కి ముందు చివరి పరీక్ష రోజున, ఎందుకో నేను స్క్రీన్ వదిలేసి గాజు దగ్గర నిలబడ్డాను. రెహానా స్క్రూ తిప్పుతోంది. చకచకా తిప్పుతోంది. కానీ వేలికొసలతో పట్టుకోవడం లేదు. తాళంచెవి పట్టుకున్నట్టు చూపుడువేలి పక్కభాగానికి బొటనవేలు ఆనించి తిప్పుతోంది. స్విచ్ కూడా వేలికొసతో నొక్కలేదు, మధ్య కణుపుతో నెట్టింది. మొదటి వారంలో ఇలా చేయలేదు. అది నాకు బాగా గుర్తు.

పరీక్ష అయ్యాక టీ తెప్పించాను. గ్లాసుని ఆమె రెండు అరచేతుల మధ్య పట్టుకుంది, వేళ్లు తగలనివ్వకుండా.

"ఏదీ, చెయ్యి ఇలా ఇవ్వు."

"ఏటి మేడమ్?" అంటూనే ఇచ్చింది. గోళ్లన్నిటికీ గోరింటాకు ముదురుగా పండి ఉంది. పెళ్లిళ్ల రోజులు కదా, అందులోనూ ఆమె పనే అది, నేనెప్పుడూ వింతగా చూడలేదు. ఈసారి కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతుర్లో చూశాను. చూపుడువేలు, నడిమివేలు గోళ్ల మొదట్లో ఎరుపు కింద నల్లగా ఉంది. మెల్లగా గోటి మీద ఒత్తాను. చెయ్యి లాగేసుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఎప్పట్నుంచి?"

"ఎక్కువ రోజులు కాదు."

"రెహానా."

"రెండో గ్లవ్ కాణ్ణుంచి మేడమ్," అంది తలొంచుకుని. "ఇంటికాడ కోన్ పట్టుకోడం అవ్వడం నేదు. మా సెల్లి పెడతంది."

"నొప్పుందా అని రోజూ అడుగుతూనే ఉన్నాను కదమ్మా!"

ఆమె తలెత్తి నన్ను చూసింది. "ఉందా అని ఎప్పుడడిగారు? నొప్పేమీ లేదుగా అని అడిగీవోరు. నేదని సెప్పీదాన్ని."

ఆమే మళ్లీ అంది. "నొప్పని సెప్తే, ఈ సెయ్యి పనికిరాదు, ఇంకో సెయ్యి ఎతుక్కుందాం అంటారు గావాలనుకున్నాను. పరీచ్చలో ఎనకబడిపోతానని బయమేసింది."

"ఇక్కడ పరీక్ష నీ చేతికి కాదు. గ్లవ్‌కి."

"ఆ ముక్క నాకెవులు సెప్పారు మేడమ్?"

వెంటనే ఆమెని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. గోళ్ల కింద రక్తం గడ్డకట్టిందని, ఇంకొన్నాళ్లు అలాగే నెట్టుకొస్తే గోళ్లు ఊడొచ్చేవని డాక్టరు చెప్పారు. కొత్త గోరు వచ్చేదాకా గ్లవ్ ముట్టుకోకూడదన్నారు. రెహానా దారి పొడుగునా, "నన్ను తీసీయరు కదా మేడమ్?" అని అడుగుతూనే ఉంది. తీయనని మాటిచ్చాను.

తిరిగొచ్చి మూర్తిగారికి చెప్పాను. ఆయన చెడ్డమనిషి కాదు. కానీ అప్పగించాల్సిన తేదీ దగ్గరికొచ్చేసింది, గ్లవ్ పని ఇచ్చినవాళ్లు ఎదురుచూస్తున్నారు.

"పాపం, ఆ అమ్మాయిని సరిగ్గా చూసుకుందాం. కానీ స్కోర్లు ఇంత బాగున్నప్పుడు ఫ్రీజ్ ఆపడమెందుకు? ఈమెకి నొప్పి పుడితే ఆవిడకీ పుడుతుందని ఏముంది? ఎవరి చెయ్యి వారిదే కదా."

"సార్, ఆ చెయ్యీ ఈ చెయ్యీ ఒకటేననే కదా ఈ స్కోర్లని మనం నమ్ముతున్నాం. స్కోరుకి ఒకటైన చెయ్యి నొప్పికి వేరవుతుందా?"

ఆయన స్కోర్ల కాగితం నా ముందుకి జరిపారు.

"పైకి వెళ్లినావిడ అక్కడ గంటల తరబడి పని చెయ్యాలి. వేలికొస ఆనించలేకపోతే కొక్కెం ఎలా పట్టుకుంటుంది? ఈ గ్లవ్ బాగుందని నేను సంతకం పెట్టను. బాగుచేసి ఇస్తాను. చెయ్యగలను," అన్నాను.

"ఏం తప్పో తెలిసిందా?"

"తెలీదు. తెలుసుకుంటాను."

ఆయన ఫోను తీసుకుని, నా ఎదురుగానే అవతలివాళ్లకి చెప్పారు, గ్లవ్‌లో లోపం దొరికింది, గడువు కావాలని. ఆ పూట ఆయన మీద నాకు గౌరవం పెరిగింది.

లోపం వెతకడానికి ఒత్తిడి పడితే ఎర్రబడే పల్చటి ఫిల్మ్ ఒకటి వాడతాం. ప్లాస్టర్ చేతి వేళ్లకి అది చుట్టి, గ్లవ్ తొడిగి, గాలి తోడి చూశాం. ఎక్కడా ఎర్రబడలేదు. కొలతలన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆ ప్లాస్టర్ చేతిని చూస్తూ కూర్చున్నప్పుడు నాకు తట్టింది. ఆ చెయ్యి చాపి ఉంది. పని చేసే చెయ్యి ఎప్పుడూ చాపి ఉండదు.

సింహాచలాన్ని పిలిచి, నా చూపుడువేలి వీపు మీద గోరు దాకా ఒక కాగితం పట్టీ అంటించమన్నాను. వేలు మడిచాను. పట్టీ చిరిగిపోయింది.

"అదేటి మేడమ్, ఏలు పొడుగయ్యిందా?"

"వేలు కాదు, దాని వీపు. మడిచేసరికి కణుపుల మీద చర్మం సాగుతుంది. గుడ్డ సాగదు కదా. అందుకని గ్లవ్ కొసని వెనక్కి లాగుతోంది. ఆ కొస వెళ్లి గోటి మీద పడుతోంది."

సింహాచలం తన వేలు మడుస్తూ చాపుతూ చాలాసేపు చూసుకున్నాడు. "అయితే ఇన్నాళ్లూ మనం సాపిన సేతికి కుట్టినాం, పన్జేసే సేతికి కాదు," అన్నాడు.

రెహానాకి కబురు పంపాం. ఆమె చేతికి కొత్తగా పోత తీశాం. ఈసారి చాపి కాదు, కోన్ పట్టుకున్నట్టు సగం ముడిచి. జెల్లీలాంటి మెత్తటి పదార్థంలో ముంచడమే కాబట్టి నొప్పి లేదు. ఆ కొత్త పోతకి ఫిల్మ్ చుట్టి పాత గ్లవ్ తొడిగి చూస్తే, సరిగ్గా ఆ రెండు గోళ్ల మీదే ఎర్రటి మచ్చలు తేలాయి. అది చూసి రెహానా, "అద్గదీ, అక్కడే," అని అరిచింది. నొప్పి తన ఊహ కాదని, దానికి రంగూ రూపూ ఉన్నాయని తెలిసినట్టు ఆమె మొహం వెలిగిపోయింది.

వేళ్లన్నిటికీ వీపువైపు గుడ్డ పెంచి, కణుపుల దగ్గర సన్నటి కుచ్చులు పెట్టి, గాలి నింపినప్పుడు చెయ్యి దానంతటదే సగం ముడుచుకుని ఉండేలా కొత్తగా కట్ చేశాం. గుడ్డ పెంచితే గ్లవ్ ఇంకా ఉబ్బుతుందని మూర్తిగారు భయపడ్డారు. కుచ్చులు దాన్ని పట్టి ఉంచాయి. ఫిల్మ్ తెల్లగా వచ్చింది.

వానాకాలం వెళ్లాక, గోళ్లు పూర్తిగా వచ్చి డాక్టరు సరేనన్నాక, రెహానా మళ్లీ పెట్టె ముందు కూర్చుంది. ఈసారి గ్లవ్ తీయగానే, "ఎక్కడెక్కడ ఇబ్బందిగా ఉంది? చెప్పు," అన్నాను. ఇక మొదలుపెట్టింది. బొటనవేలి మొదట్లో ఒరుసుకుంటోంది, అరచెయ్యి చెమటకి జారుతోంది, చిటికినవేలు కదలనంటోంది. సింహాచలం తల పట్టుకున్నాడు. "బాబోయ్, ఈ పిల్ల సెప్పకపోతేనే బాగుండీది!" అన్నాడు. ఒక్కొక్కటీ సరిచేశాం. స్కోరు మొదట కొంచెం తగ్గింది, ఆపైన పాతదాన్ని దాటింది. అప్పుడు ఫ్రీజ్ చేశాం.

కొన్నాళ్లకి ఆ ప్లాస్టర్ చేతి మనిషి స్వయంగా మా వర్క్‌షాపుకి వచ్చారు. సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. గ్లవ్ తొడుక్కుని, పెట్టెలో కొక్కెం తగిలించి, స్క్రూ బిగించి, మళ్లీ విప్పారు. చెయ్యి బయటికి తీసి వేలికొసలు ఒకదాని తర్వాత ఒకటి తడుముకున్నారు.

"దీనికి ముందు నాకు మగవాళ్ల గ్లవ్‌లో చిన్న సైజు ఇచ్చారు," అన్నారు హిందీలో. "దాంతో నాకు రెండు గోళ్లు పోయాయి. ఎవరికీ చెప్పలేదు."

"ఎందుకని?" అన్నారు మూర్తిగారు.

"ఈ చెయ్యి పనికిరాదని పక్కన పెడతారేమోనని."

రెహానా నా వెనకే నిలబడి ఉంది. ముందుకొచ్చి ఆవిడతో ఉర్దూలో, "పరీక్ష మీకు కాదు, గ్లవ్‌కి," అంది. ఆవిడ ఒక్క క్షణం తెల్లబోయి, పకపకా నవ్వారు. తర్వాత ఇద్దరూ కిటికీ దగ్గర కుర్చీలు వేసుకుని, ఏ పనికి ఏ వేలు నొప్పెడుతుందో ఒకరికొకరు చెప్పుకుంటూ కూర్చున్నారు. నేను పక్కన కూర్చుని విన్నాను. ఆ గంటలో విన్న సంగతులు నాకు స్కోర్లలో ఎప్పుడూ కనిపించలేదు.

ఆ గ్లవ్ ఇప్పుడు శిక్షణలో వాడుతున్నారు. రెహానా పెళ్లిళ్లు లేని నెలల్లో మా దగ్గర పరీక్షల పనికి వస్తోంది. డైవర్ల గ్లవ్‌లు కూడా ఆమే చూస్తుంది. కొత్తగా ఎవరు చేరినా పెట్టె ముందు కూర్చోబెట్టే ముందు, "ఇది నీకు పరీచ్చ కాదు, దీనికి," అని గ్లవ్ చూపించి చెప్పే పని ఆమెదే.

నా పనిలోనూ ఒక మార్పు వచ్చింది. బాగా చేసేవాళ్లు నొప్పిని కూడా బాగానే దాస్తారని, దాచే వీలు లేకుండా అడగడం పరీక్ష పెట్టేవాళ్ల బాధ్యతేనని నాకు అర్థమైంది. అందుకే ఇప్పుడు స్కోరు ఎంత గొప్పగా వచ్చినా, తొడుక్కున్నవాళ్లు ఒక్క ఫిర్యాదైనా చెప్పకపోతే, ఆ రోజు పరీక్ష జరగలేదనే రాసుకుంటాను.