ఎనిమిది సాంచెలు, రెండు చేతులు

నా చిన్నప్పుడు మా సిరిసిల్లలో కరెంటు పోతేనే ఇంట్లో మాటలు వినపడేవి. మిగతా వేళంతా సాంచెల మోతే. మరమగ్గాన్ని మా వైపు సాంచె అంటాం. మా ముందు గదిలో మా బాపువి నాలుగు సాంచెలు, ఎదురింట్లో బాపుకు అన్న అయిన మా పెద్దబాపువి నాలుగు. నడుమ ఒక ఎడ్లబండి పట్టేంత గల్లీ. ఎనిమిదీ ఒక్కసారి కొట్టుకుంటుంటే గూట్లో గిన్నెలు వాటంతటవే జరిగేవి. ఆ మోతలో పెరిగినందుకే నేను ఇంత గట్టిగా మాట్లాడతానని మా ఆయన ఇప్పటికీ వేళాకోళం చేస్తాడు. కావచ్చు గానీ, ముప్పై ఏళ్ళు జగిత్యాలలో కాలేజీ పిల్లలకు పాఠం చెప్పినదాన్ని, మెల్లగా మాట్లాడితే వెనక బెంచీ వాడు వింటాడా?

మా రెండిళ్ళకూ ఒకడే మిస్త్రీ. ఇంట్లో ఉర్దూ మాట్లాడుకునే మనిషి, మాతో అచ్చం మా తెలుగే మాట్లాడేవాడు. వాళ్ళ ఉర్దూలో చిన్నాన్నను పిలిచినట్టే నేను చిచ్చా అని పిలిచేదాన్ని. సాంచె మీద బీము అనే లావాటి కడ్డీకి చుట్టిన నూలు అయిపోవస్తే, ఆ పాత పోగుల కొసలకు కొత్త బీము పోగులను ఒక్కొక్కటిగా అతకాలి. ఒక్క బీముకు రెండు వేల పైచిలుకు పోగులుంటాయి. బూడిద అద్దుకున్న వేళ్ళతో రెండు కొసలనూ కలిపి మెలిపెడితే అతుకు పడుతుంది. మా వాళ్ళకు రాక కాదు. మా బాపు రెండు రోజులు నడుము వంచి చేసే పనిని చిచ్చా ఒక్క పూటలో ముగించేవాడు, పైగా ఆయన వేసిన అతుకు తెగేది కాదు. అందుకని ఆ పని ఆయనకే వదిలేసి అందరూ నిశ్చింతగా ఉండేవారు.

దానికి తోడు మా తాత పెట్టిపోయిన కట్టుబాటు ఒకటుంది. అన్నదమ్ములలో ఒకరి సాంచె ముందు నడిస్తే రెండోవారికి కీడట. కనుక ముందుగా అతికిన సాంచె కూడా మిగిలిన ఏడూ అతికేదాకా ఊరికే నిలబడాలి. అన్నీ అయ్యాక పంచాంగం చూసి, కొబ్బరికాయ కొట్టి, ఎనిమిదీ ఒకే ఘడియలో నడపాలి. ఒకేసారి మొదలైనవి ఒకేసారి అయిపోతాయని చంటిపిల్లకైనా తెలుస్తుంది. అయిపోయిన రోజున ఎనిమిదీ నోరు మూసుకుని చిచ్చా కోసం నిలబడేవి. అందరూ పల్లకీ ఎక్కితే మోసేదెవరని మా వాళ్ళు సామెత చెప్పేవారే గానీ, తమ ఇంటి సంగతి అదేనని ఎన్నడూ అనుకోలేదు. వారం రోజులు చాయ్ తాగుతూ, అరుగు మీద పచ్చీసు ఆడుతూ గడిపేవారు.

నాకు పదేళ్ళు వచ్చిన ఏడు ప్రత్యేక తెలంగాణ కోసం మొదటిసారి ఊళ్ళు భగ్గుమన్నాయి. మా ఊళ్ళో బస్సు తగలబడింది. బందు నాడు సాంచె చప్పుడు వినపడితే పిల్లగాళ్ళు గుంపుగా వచ్చి తలుపుల మీద రాళ్ళు వేసేవారు. వాళ్ళలో మా పక్కింటి అన్న కూడా ఉండేవాడు, మా తలుపు మీద వేసేటప్పుడు మాత్రం కొంచెం చిన్న రాయి వేసేవాడు. బందు లేని నాడు పోలీసులు దొరికినవాణ్ణి దొరికినట్టు కొట్టేవారు. నెలలో సగం రోజులు సాంచెలు నడవలేదు.

అప్పుడు మాకు నూలు ఇచ్చే కరీంనగర్ సేటు కబురు పంపాడు. ఇట్లా అయితే ఇద్దరినీ పోషించలేడట. ఎవరి బట్ట ముందు లారీ ఎక్కితే ఇకమీద వాళ్ళకే నూలు, రెండోవాళ్ళు వేరే దారి చూసుకోవాలి. మా ఊరివాళ్ళకు వేరే దారి అంటే బొంబాయి దగ్గరి భివండిలో మగ్గాల కూలి. అక్కడికి పోయిన మగవాళ్ళు ఏడాదికోసారి దగ్గుకుంటూ వచ్చి పోయేవారు. ఆ మాట విన్న రాత్రి నుంచి మా అమ్మ అన్నం సరిగా తినలేదు. ఎదురింట్లో పెద్దమ్మదీ అదే పరిస్థితి.

సరిగ్గా ఆ వారమే ఎనిమిది బీములూ అయిపోయాయి. పొద్దున్నే చిచ్చా బూడిద డబ్బా పట్టుకుని గల్లీలోకి వచ్చాడు. కుడి చెయ్యి మా బాపు పట్టుకున్నాడు, ఎడమ చెయ్యి పెద్దబాపు పట్టుకున్నాడు. తాత కట్టుబాటును పక్కన పెట్టి, తన నాలుగూ ముందు అతికి నడపాలని ఈయన, పెద్దవాణ్ణి నావి ముందని ఆయన. చిచ్చాను చెరోవైపు గుంజుతున్నారు. ఒక్క నిమిషంలో తిట్లు తల్లిదండ్రుల దాకా పోయాయి, ఇద్దరి తల్లిదండ్రులూ ఒక్కరే అని కూడా మరిచిపోయారు. మా బాపు లోపలికి పోయి ఇనుప రాడ్డు తెచ్చి పెద్దబాపు నెత్తి మీద కొట్టాడు. పెద్దబాపు కళ్ళలోకి కారిన నెత్తురు తుడుచుకుని, మా బాపును గోడకు అదిమి గొంతు పిసికాడు. మా బాపు కాళ్ళు నేల మీద కొట్టుకోవడం నేను గడప దగ్గర నిలబడి చూశాను. అమ్మా పెద్దమ్మా మీదపడి విడదీశారు. చిచ్చా తన డబ్బాను అక్కడే విసిరేశాడు. ఇద్దరూ ఒక్క మాట మీదికి వచ్చాకే పిలవమని చెప్పి వెళ్ళిపోయాడు.

మర్నాడు కర్ఫ్యూ పెట్టారు. జీపులో తిరుగుతూ మైకులో చెప్పారు. అమ్మ ఎదురింట్లో పెద్దబాపు గాయానికి పసుపు పెడుతోంది. ఆడవాళ్ళు మాట్లాడుకోవడం మానలేదు. అదును చూసి మా బాపు నన్ను పెరట్లోకి పిలిచాడు. చిన్నపిల్లను పోలీసులు ఏమీ అనరని, పెరటి దారిన పోయి చిచ్చాను తీసుకురమ్మని అన్నాడు. ఏం చెప్పాలో కూడా నేర్పాడు.

"బజారంత సల్లగున్నది, పోలీసోల్లు పోయిండ్రు అని చెప్పు బిడ్డా. పెద్దబాపు సుత ఒప్పుకున్నడని చెప్పు."

పోయాను. చౌరస్తా దాటేటప్పుడు చూశాను, రోడ్డంతా గాజు పెంకులు, తెగిన చెప్పులు. ఒకచోట నెత్తురు మడుగు కట్టి ఉంది. చూడకుండా పరుగెత్తబోయి అందులోనే కాలు వేశాను. చిచ్చా ఇంట్లో అందరూ తలుపులు మూసుకుని ఉన్నారు. బాపు నేర్పిన మాటలు ఒక్కటీ తప్పకుండా అప్పజెప్పాను. చిచ్చా భార్య ఒద్దే ఒద్దంది. చిచ్చా నా ముందు కూర్చుని, నన్ను తల నుంచి కాళ్ళ దాకా చూసి, నిజమేనా అని అడిగాడు. నేను తల ఊపాను. ఆయన లేచి అంగీ తొడుక్కున్నాడు.

నా చెయ్యి పట్టుకుని గోడల వెంబడి నడిపించాడు. చౌరస్తాకు వచ్చేసరికి పక్క సందులోంచి పిల్లగాళ్ళు నినాదాలు ఇస్తూ పరుగెత్తుకొచ్చారు, వాళ్ళ వెనక పోలీసులు. రాళ్ళు రెండువైపుల నుంచీ లేచాయి. మేం ఒక మూసిన దుకాణం గోడకు అతుక్కుపోయాం. మాకు రెండడుగుల దూరంలో ఒకడు పడిపోయాడు, వాడి మూతి మీద బూటు కాలు పడింది, పళ్ళతో సహా నెత్తురు నా లంగా మీద పడింది. ఆ తర్వాత లాఠీ మా మీదికి తిరిగింది. చిచ్చా నన్ను కిందికి నొక్కి, నా మీద వంగి, రెండు చేతులూ నా నెత్తి మీద కప్పాడు.

"తల ఎత్తకు బిడ్డా."

ప్రతి దెబ్బా ఆయన వేళ్ళ మీద పడి నా తలలోకి దిగేది. ఆయన అరవలేదు. వేళ్ళు విరగడం మాత్రం నాకు వినపడింది, ఎండిన కంది కట్టెను మోకాలి మీద విరిచినట్టు. చేతులు తీసుకుంటే తప్పించుకోగలడు. తీసుకోలేదు. కొట్టినవాడు అలిసిపోయాడో, ఇంకెవరైనా కనపడ్డారో, వదిలి పోయాడు.

చేతులు ముందుకు చాచి పట్టుకుని, నన్ను ఇంటిదాకా తీసుకొచ్చాడు. అమ్మ ఎదురింట్లోంచి పరుగెత్తుకొచ్చి, నా లంగా మీద నెత్తురు చూసి గుండెలు బాదుకుంది. ఇంత గొడవలో పిల్లను ఎవరు పంపారని అడిగింది. మా బాపు తలుపు వెనక నిలబడి ఉన్నాడు. చిచ్చా ఆయన వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు.

"నేనే అచ్చిన చెల్లె, పనుండె. బిడ్డ తొవ్వల కలిసింది."

దవాఖానకు పోయే దారి లేదు. వెనక గల్లీలో విరిగిన ఎముకలకు కట్టు కట్టే ముసలాయన గోడలు దూకి వచ్చాడు. ఒక్కొక్క వేలినీ లాగి సరిచేశాడు. పది వేళ్ళలో ఆరు విరిగాయి. చిచ్చా తువ్వాలు కొరికి పట్టాడు. భుజాలు మా బాపు అదిమి పట్టాడు, కాళ్ళు పెద్దబాపు పట్టుకున్నాడు. తలకు గుడ్డ కట్టుకున్న పెద్దబాపు, గొంతు మీద వేళ్ళ అచ్చులున్న మా బాపు, ఇద్దరూ మొదటిసారి ఒక పనికి కలిసి చేతులు వేశారు. మా బాపు వెక్కివెక్కి ఏడ్చాడు. నాకు జాలి కలగలేదు. ఆ రోజు మా బాపును అసహ్యించుకున్నాను, చాలా ఏళ్ళు అది పోలేదు.

కర్ఫ్యూ వల్ల చిచ్చా రెండు రోజులు మా ఇంట్లోనే ఉండిపోయాడు. మర్నాడు పొద్దున నిలిచిపోయిన సాంచెల మధ్య కూర్చుని అన్నదమ్ములిద్దరినీ పిలిచాడు. కట్లు కట్టిన చేతులు ఒళ్ళో పెట్టుకుని ఒకటే మాట అన్నాడు.

"ఎనిమిది సాంచెలకు మీ మంచిరోజు ఒక్కటే. నాకు చేతులు రెండే ఉండె."

తర్వాత ఏం చెయ్యాలో చెప్పాడు. నూలును కండెలకు చుట్టే ఆడవాళ్ళ వేళ్ళు మగవాళ్ళ వేళ్ళకంటే చురుకు, వాళ్ళను కూర్చోబెట్టమన్నాడు. రెండిళ్ళవాళ్ళూ కలిసి ముందు ఒక్క సాంచె అతకాలి, అది కాగానే నడిపెయ్యాలి. తర్వాత ఎదురింటిదొకటి, మళ్ళీ మాదొకటి. ఎనిమిదీ ఒక్కో రోజు మొదలైతే ఒక్కో రోజు అయిపోతాయి, ఇంకెప్పుడూ అన్నీ కలిసి ఒక మనిషి మెడ మీద కూర్చోవు. పెద్దబాపుకు భయం పట్టుకుంది. తాత కట్టుబాటు తప్పాలని చూసినందుకే ఇంత జరిగిందని, మంచిరోజు లేనిదే స్విచ్చి ముట్టనని అన్నాడు. దానికి మా పెద్దమ్మ జవాబు చెప్పింది.

"కిందటిపారి మంచిరోజు సూసే గద నడిపిండ్రు. నెత్తి పలుగనే పలిగె."

ఇంకెవరూ మంచిరోజు మాట ఎత్తలేదు. అమ్మ, పెద్దమ్మ, ఆమె కూతుళ్ళైన ఇద్దరు అక్కలు, నేను సాంచె వెనక వరసగా కూర్చున్నాం. చిచ్చా పక్కన కూర్చుని నోటితో నేర్పాడు. గట్టిగా పిండవద్దని, మెలిపెట్టమని, కొస చూసుకొమ్మని. బయట ఎక్కడో తుపాకీ పేలితే అందరి చేతులూ ఆగేవి, మళ్ళీ కదిలేవి. నా అతుకులు తెగుతూనే ఉన్నాయి. నా కన్నీళ్ళు పడి గిన్నెలో బూడిద ముద్దయింది. అమ్మ నీళ్ళకని లేచినప్పుడు చిచ్చా చెవి దగ్గరకు పోయి, నేను అబద్ధం చెప్పానని చెప్పాను.

"ఎరుకే బిడ్డా. నువ్వు అచ్చినప్పుడే నీ కాళ్ళకు నెత్తురున్నది."

మరి తెలిసీ ఎందుకు వచ్చావని అడిగాను. ఆ ప్రశ్నే ఆయనకు వింతగా తోచినట్టుంది.

"నిన్నొక్కదాన్ని మల్ల గదే తొవ్వల ఎట్ల పంపుదు?"

మూడోనాటికి రెండు సాంచెలు నడిచాయి, వారానికి ఎనిమిదీ. కర్ఫ్యూ ఎత్తేశాక బట్ట రెండిళ్ళదీ కలిపి ఒకే లారీలో పంపారు. అనుకున్నదానికంటే తక్కువ బట్టే వెళ్ళింది. అయినా ఆ వారం ఊళ్ళో మరే గల్లీ నుంచీ ఒక్క తాను కదలలేదు కనుక సేటు సణుక్కుంటూనే ఇద్దరికీ నూలు ఇచ్చాడు. భివండికి ఎవరూ పోలేదు. ఆ తర్వాత మా గల్లీలో సాంచెలన్నీ ఒకేసారి ఆగిన రోజు నాకు గుర్తు లేదు. మిగతా గల్లీలవాళ్ళు వచ్చి చూసి పోయేవారు. చిచ్చా వేళ్ళు నాలుగు అతుక్కున్నాయి, రెండు మళ్ళీ వంగలేదు. ఒక్క పూటలో బీము అతికే మనిషి మాకు మళ్ళీ దొరకలేదు.

చిచ్చా చెప్పిన ఆ పాఠమే తర్వాత మేనేజ్‌మెంటు పేరుతో పెద్ద పుస్తకాల్లో చదివాను, పిల్లలకు చెప్పాను. పని ఎక్కడ ఇరుకున పడుతుందో, వరస ఎట్లా వెయ్యాలో, ఎదుటివాడికంటే ముందు ఎట్లా ఉండాలో బోర్డు మీద గీసి చూపించాను. కోరుట్ల నుంచి వచ్చే పిల్లవాడు ఒకడు పరీక్షలో, అత్యవసరమైతే పనివాణ్ణి త్వరపెట్టాలని రాశాడు. వాణ్ణి పిలిచి, ఆ తొందర ఎవరిది, దెబ్బ ఎవరికి తగులుతుంది అని అడిగాను. వాడు ఏదో పొరపాటు రాశాననుకుని భయపడ్డాడు, పాపం. మార్కులు తగ్గించలేదు.

పుస్తకాల్లో లేని ఒక్క అలవాటు మాత్రం నాకు ఆ రోజు నుంచే వచ్చింది. ప్లంబరునైనా సరే, కూరగాయలు తెచ్చే మనిషినైనా సరే, ఎవరినైనా పనికి పిలిచేటప్పుడు దారి ఎట్లా ఉందో ఉన్నదున్నట్టు చెబుతాను. వాన ఉంటే వాన ఉందని, గొడవ ఉంటే గొడవ ఉందని చెప్పి, నా పని రేపటికి ఆగుతుందని కూడా చెబుతాను.