పరీక్షకొచ్చిన పెట్టె

ఆ రోజుల్లో ఇంట్లో ఉన్న కాగితాలన్నీ ఒకే రేకు పెట్టెలో ఉండేవి, ఆ పెట్టె అమ్మ మంచం కింద ఉండేది. ఇప్పుడు నా కాగితాలన్నీ ఫోన్లో ఉంటాయి, అడిగినప్పుడు ఒక్కటీ దొరకదు. అమ్మకు చదువు రాదు. నా చదువు మాత్రం మా ఇద్దరిదీ. జూలూరుపాడు అవతల, అడవి అంచున ఉన్న మా పత్తి చేనుగట్టు మీద పక్కన కూర్చోబెట్టుకుని, కాలేజీ కబుర్లన్నీ దోస్తులాగా చెప్పించుకునేది. ఆమె దగ్గర నేను దాచినవి రెండే: సిగరెట్టు, ఒక పిల్ల మీద రాసిన కవిత. (సిగరెట్టు సంగతి ఆమెకు తెలుసు.) కవితనైతే, ఆమెకు చదవరాదన్న ధైర్యంతో ఆమె పెట్టెలోనే దాచాను.

డిగ్రీలో ఆఖరి పరీక్ష రోజు కొత్తగూడెంలో బస్సు దిగి జేబులు తడుముకుంటే పెన్నులు నాలుగున్నాయి, హాల్ టికెట్ లేదు. పరీక్ష పోతే చేన్లో దించుతానని నాన్న ముందే చెప్పాడు. (నేను దిగితే పత్తికే నష్టం.) మా ఊళ్లో ఒకే ఒక్క ఫోను కిరాణా కొట్టుది. ఆ కొట్టాయనకు ఫోన్ చేసి, "మామా, నా ఫోటో అంటించిన కాగితం పెట్టెల ఉంటది, జల్దీ బస్సు డ్రైవరుకు ఇయ్యమని మా అమ్మకు చెప్పు" అన్నాను.

పరీక్ష మొదలైంది. అరగంట దాటితే రానివ్వనన్నారు సూపరింటెండెంట్ సారు. బస్సు రాలేదు. ఇరవై నిమిషాలయ్యాక సారపాక కాగితపు మిల్లుకు వెదురు మోసుకుపోయే లారీ ఒకటి గేటు ముందు ఆగింది. ముందు అమ్మ దిగింది, తర్వాత పెట్టె దిగింది.

"మీ అమ్మ రోడ్డుకు అడ్డం నిలబడ్డది తమ్మీ. ఆపక ఏం జేద్దు" అన్నాడు, పెట్టె భుజానికెత్తుకున్న డ్రైవరు.

"ఏందమ్మా, పెట్టె మొత్తం తెచ్చినవ్?"

"నీ ఫోటోవి ఏడు కాగితాలున్నయి కొడకా. ఏదని ఏరాలె? ఒక్కదాంట్ల గూడ నవ్వకపోతివి, గుర్తు పట్టనీకి."

వరండాలోనే తెరిచాం. గడియారం చూసుకుంటూ సారు కూడా వచ్చి నిలబడ్డారు. అమ్మ పెళ్లి చీర, కాకర విత్తనాల మూట, నా చిన్నప్పటి మొలతాడు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. (కిటికీల్లోంచి చూసేవాళ్లు చాలామందే ఉన్నారు.) బస్సు పాసులూ లైబ్రరీ కార్డులూ కలిపి ఏడు ఫోటోలూ తేలాయి. ఏదీ హాల్ టికెట్ కాదు. ఇంకా నాలుగు నిమిషాలు. సారు ఒక మడత విప్పి, "'నీ జడను చూసే గోదారి వంపు తిరిగింది'... ఇదేనా?" అన్నారు. పెట్టెలో నేను పట్టేంత చోటుందేమో చూసుకున్నాను. అమ్మ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "ఫోటో లేదు గద సారూ, ఇది పనికొచ్చేది కాదు" అంది. (ఆ పిల్ల అప్పటికే ఆ మాట చెప్పేసింది.)

"అడుగున పేపరు పరిచి ఉన్నది, అది గూడ లేపు కొడకా" అంది అమ్మ. లేపాను. మడత పడకూడదని నేనే అక్కడ పెట్టి మరిచిపోయిన హాల్ టికెట్లో, ఎనిమిదో నేను నవ్వకుండా పడుకుని ఉన్నాను. అమ్మ చదువుకున్నదై ఉంటే, ఆ ఏడూ చదివి, హాల్ టికెట్ లేదని పెట్టె మూసేసేది. నేను లోపలికి పరిగెత్తాను. పత్తి బతికిపోయింది.

పోయినేడు అమ్మ వెళ్లిపోయింది. మరణ ధ్రువపత్రానికి ఆఫీసులో ఆమె ఆధార్ కార్డు అడిగారు. నాకు చదువొచ్చు, ఇంట్లోనే వెతికి తీసుకెళ్లొచ్చు. అమ్మ పెట్టె మూత మీద చెయ్యి వేశాను గానీ ఒక్కణ్నే తెరవలేకపోయాను. పెట్టెతో సహా ఆటో ఎక్కాను.

"ఏంది సార్, ఇల్లు మారుతున్నరా?" అన్నాడు గుమాస్తా. పాపం, అతనే వెతకడానికి కూర్చున్నాడు. కార్డుకంటే ముందు ఒక మడత అతని చేతికొచ్చింది. అదే కవిత. దాని మూలన, అన్నం మెతుకుతో అంటించిన నా పాస్‌పోర్టు ఫోటో.

"ఇది గూడ పనికొచ్చే కాగితమేనా సార్?"

"ఫోటో ఉన్నది గదా" అన్నాను.

ఫోటోలో నేను నవ్వడం లేదు. ఇవతల మాత్రం, నలభై దాటిన మనిషి ఆఫీసులో ఎంత నవ్వితే మర్యాదో అంతకంటే కాస్త ఎక్కువే నవ్వాను.