మా పెద్దత్తయ్య లేదన్న చెల్లెలు

మా చిన్నప్పుడు... నేను ఒంటరిగా కూర్చుని నవ్వుకుంటే చాలు, కొత్తపేట నుంచి వచ్చిన పెద్దత్తయ్య నా గడ్డం పట్టుకుని కళ్లలోకి చూసేది.

"ఎవరితోనే ఆ నవ్వు? దీనికీ అంటుకున్నట్టుంది తమ్ముడూ!"

కారణం మా చిన్నత్తయ్య. నాన్నగారికీ, పెద్దత్తయ్యకూ సొంత చెల్లెలు. మా ఇంట్లోనే ఉండేది. ఎవరూ లేకపోయినా ఎవరో తిడుతున్నట్టు వినిపించి చెవులు మూసుకునేది. అమలాపురం డాక్టరుగారు స్కిజోఫ్రీనియా అన్నారు. మాత్రలు వేసుకున్నన్నాళ్లూ బాగుండేది... వసారాలో కూర్చుని కొబ్బరి ఈనెలు చీరేది, నాకు జడ వేసేది.

పెద్దత్తయ్య మాత్రం ఊరంతా చెప్పేది, "మా తమ్ముడింట్లో రక్తంలోనే ఉందండీ" అని. అదే తల్లి కడుపున పుట్టిన ఆవిడ ఒంట్లో కొబ్బరినీళ్లు పారుతున్నట్టు!

ఆవిడ కూతురి పెళ్లిచూపులకు మమ్మల్ని పిలిచింది. చిన్నత్తయ్య ముందే చీర కట్టుకుని కూర్చుంది. పెద్దత్తయ్య అమ్మతో మెల్లగా, "దాన్ని తేకు. నాకు చెల్లెలే లేదని చెప్పేను వాళ్లకి" అంది.

చిన్నత్తయ్య విననే విన్నది.

"నేను రాకూడదా వదినా?"

అమ్మ పెట్టుకున్న పూలు తీసేసింది. "నేనూ వెళ్లడం లేదులే."

ఆ పెళ్లి ఘనంగా జరిగింది. చిన్నత్తయ్య ఆ తర్వాత అక్క ఊసెత్తలేదు... అలాగే పోయింది.

మొన్నామధ్య పెద్దత్తయ్య మనవడు, డిగ్రీ చదివే కుర్రాడు, గది తలుపులు వేసుకుని ఎవరితోనో పోట్లాడటం మొదలుపెట్టాడు. పెద్దత్తయ్య తాయెత్తులు కట్టించింది, నిమ్మకాయలు తీయించింది. "ఎవరో చేతబడి చేసేరే!" అని నాకే చెప్పింది, సిగ్గు లేకుండా. ఇక లాభం లేదని వాళ్లమ్మ, అదే ఆనాటి పెళ్లికూతురు వదినా, నేనూ వాడిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆవిడా వెంటబడి వచ్చింది.

"ఇంట్లో ఇదివరకు ఎవరికైనా ఉందాండీ?" అన్నారు డాక్టరుగారు.

"అబ్బే, మా వంశంలోనే లేదండీ."

"ఉందండీ. ఈవిడ సొంత చెల్లెలికి," అన్నాను.

వదిన కుర్చీ ముందుకు లాక్కుంది. "అయితే మా చిన్నదానికీ వస్తుందాండీ?"

"ఆయ్, రక్తసంబంధీకుల్లో అవకాశం కాస్త ఎక్కువేనండీ. కానీ అలాంటి ఇళ్లలోనూ చాలామందికి రాదు. భయపడకండి, కనిపెట్టుకుని ఉండండి. దాచిపెట్టుకుంటేనే వైద్యం ఆలస్యమవుతుంది."

వాడిప్పుడు మందులు వాడుతున్నాడు, మళ్లీ కాలేజీకి వెళ్తున్నాడు. పెద్దత్తయ్య అందరికీ "నరాల నీరసం" అని చెప్పుకుంటోంది. ఆ నోటికి మాత్రం మందు రాలేదింకా!

కాలం మారింది... మంచి మందులొచ్చాయి, అడిగితే చెప్పే డాక్టర్లున్నారు. చిన్నత్తయ్యే లేదు. పెద్దత్తయ్య ఇంటి గోడ నిండా ఫోటోలే, చెల్లెలిది ఒక్కటీ లేదు.

మీ ఇంట్లోనూ ఇలా "లేరు" అనిపించుకున్న అత్తో, బాబాయో ఉంటే... వాళ్ల పేరు కింద రాయండి.

మా చిన్నత్తయ్య పేరు సత్యవతి.