బచేలీలో పదిహేను నిమిషాలు

ఉద్యోగంలో నా ఆఖరి సంవత్సరాల్లో, ఒక ఫిబ్రవరి రెండో వారానికి నన్ను బస్తర్‌లోని బచేలీకి రెఫరీగా వేశారు. గనుల కంపెనీ టౌన్‌షిప్‌లో మహిళల ప్రొఫెషనల్ టెన్నిస్ టోర్నమెంటు, అన్నిటికంటే కింది శ్రేణిది. ర్యాంకు కోసం తిరిగే అమ్మాయిలు ఇలాంటి చోట్లే మొదలుపెడతారు. రెఫరీ అంటే ఎత్తు కుర్చీలో కూర్చుని స్కోరు చెప్పే అంపైరు కాదు. ఎవరు ఏ కోర్టులో ఎప్పుడు ఆడాలో నిర్ణయించి, మొత్తం పోటీకి జవాబుదారీగా ఉండే మనిషి.

డబుల్స్‌లో పదహారు జంటలు. అందులో ఒకటి వైల్డ్ కార్డ్ జంట, అంటే ర్యాంకు లేకున్నా నిర్వాహకులు తమ కోటాలో చేర్చుకున్నది: హారిక, జోగి. హారిక వాళ్ల నాన్న గని వర్క్‌షాపులో మెకానిక్, శ్రీకాకుళం నుంచి వచ్చి స్థిరపడ్డాడు. జోగిది తెలుగు మాట్లాడే సరిహద్దు ఊరు తర్లగూడలో వ్యవసాయ కుటుంబం. టౌన్‌షిప్ బడి హాస్టల్లో ఉండి చదువుకుంటూ అక్కడే రాకెట్ పట్టింది. ఇద్దరికీ పంతొమ్మిదేళ్లు. మొదటి రౌండు గెలిస్తే వాళ్ల పేరు మీద మొదటి ర్యాంకింగ్ పాయింటు పడుతుంది.

మంగళవారం వాళ్లది రెండో కోర్టులో మూడో మ్యాచ్. మూడో మ్యాచ్‌కు గంట ఇంతని ఉండదు. రెండోది అయిపోగానే పిలుస్తాం. పిలిచిన పదిహేను నిమిషాల్లో ఇద్దరూ కోర్టులో లేకపోతే డిఫాల్ట్, అంటే ఆడకుండానే పోటీ నుంచి బయటికి. ఆ ఖాళీలోకి ఆల్టర్నేట్ జంటను దించుతాం. ఆ రోజు ఆల్టర్నేట్లుగా సంతకం పెట్టినవాళ్లు నాసిక్ నుంచి రెండు రైళ్లు మారి వచ్చిన ఇద్దరమ్మాయిలు. పొద్దున్నుంచీ బూట్లు కట్టుకుని నా బల్ల ఎదుటి బెంచీ మీదే కూర్చున్నారు.

పదకొండింటికి హారిక వచ్చింది. "మేడం, జోగి ఊరెళ్లిందండి. మద్దేడ్ దగ్గర లారీ బోల్తా పడి పొద్దున రెండు గంటలు రోడ్డు ఆగిపోయిందంట. ఇప్పుడే బీజాపూర్ దాటింది" అంది.

లెక్క వేసుకున్నాను. బస్సు రెండింటికి గాని రాదు. రెండో కోర్టులో మొదటి మ్యాచే ఇంకా సాగుతోంది. రెండోది మూడు సెట్లు సాగితే సరిపోతుంది. మ్యాచ్‌ల వరుస మార్చే వీలుందేమోనని చూశాను. నాలుగో మ్యాచ్ ఆడాల్సిన అమ్మాయి ఒకతికి అదే వేళకు ఒకటో కోర్టులో సింగిల్స్ ఉంది. కుదరలేదు.

పన్నెండుంబావుకు రెండో మ్యాచ్ మొదలయ్యాక నేను కుర్చీలో నిలవలేకపోయాను. బల్ల నుంచి కోర్టుకూ, కోర్టు నుంచి బల్లకూ తిరిగాను. గీతల మీద పేరుకునే ఎర్ర దుమ్మును సెట్టుకోసారి ఊడిపించాలి. ఆ రోజు ఊడ్చేవాళ్లను తొందరపెట్టలేదు. ప్రతి గేమూ డ్యూస్‌కు వెళ్లి, స్కోరు సమమై సాగుతూనే ఉండాలని లోపల కోరుకుంటున్నానని కాసేపటికి నాకే తెలిసింది. రెఫరీకి ఉండకూడని కోరిక అది. బెంచీ మీది అమ్మాయిలను చూడకుండా దాటిపోయాను.

రెండో సెట్టు మధ్యలో ఒకమ్మాయి తొడ కండరం పట్టేసి ఆట మానేసింది. ఒంటిగంట ముప్పై అయిదుకు నేను మూడో మ్యాచ్ పిలిచి గడియారం నొక్కాను.

టౌన్‌షిప్ క్రీడాధికారి పక్కకు వచ్చి నిలబడ్డాడు. "కాసేపు చూడండమ్మా, మన పిల్లలే కదా" అన్నాడు. నిజానికి నియమావళిలో ఒక వెసులుబాటు ఉంది. పరిస్థితులన్నీ చూసి, డిఫాల్ట్ ప్రకటించకుండా ఆగే అధికారం రెఫరీకి ఉంటుంది. వాడుకుందామనే అనుకుంటున్నాను.

పన్నెండో నిమిషంలో హారిక ఫోను చేతిలో పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "వచ్చేసింది మేడం, గేటు దగ్గరే ఉంది."

గేటు కాపలాదారుకు ఫోన్ చేశాను. "కోయీ నహీ ఆయా, మేడం జీ" అన్నాడు, ఎవరూ రాలేదని. హారిక తల దించుకుంది.

"నిజంగా ఎక్కడుంది?" అని అడిగాను.

"దంతెవాడలో బస్సు దిగేసి, ఎవరిదో బండి మీద వస్తోందండి."

ఆ మాటే ముందు చెప్పి ఉంటే ఇంకో పది నిమిషాలు ఆగేదాన్నేమో. అబద్ధం విన్నాక, ఎదుటి బెంచీ మీద నోరెత్తకుండా కూర్చున్న ఇద్దరి ముందు ఆగడానికి నాకు కారణం మిగల్లేదు. పదిహేనో నిమిషంలో డిఫాల్ట్ ప్రకటించాను. నాసిక్ జంట కోర్టులోకి వెళ్లింది.

రెండూ పదికి జోగి వచ్చింది. భుజాన రాకెట్ సంచీ, కనుబొమల దాకా దుమ్ము. కోర్టు వైపు చూసి, బయట కూర్చున్న హారికను చూసి నా దగ్గరికి వచ్చింది. జరిగింది చెప్పాను. వాదించలేదు.

"నేను దంతెవాడ కాడున్ననని చెప్పమన్న గదనే" అంది హారికతో. తర్వాత నావైపు తిరిగింది. "ఒక్క మాట మేడం. మా మ్యాచ్ ఆఖర్కు పెట్టుండ్రి అని అడగొచ్చా?"

"అడగొచ్చు."

"ఎవల్ని అడగాలె?"

"నన్నే."

"నిన్న మీకు చెప్పే పోయిన గదా."

చెప్పింది. సోమవారం పొద్దున అదే బల్ల దగ్గర నిలబడి, అమ్మకు జ్వరం ఎక్కువైంది, భోపాలపట్నం ఆస్పత్రికి తీసుకుపోవాలి అంది. నేను కాగితాల మీంచి తలెత్తకుండా, రేపు మ్యాచ్ వేళకు ఉండాలి అని మాత్రం అన్నాను. అదే సాయంత్రం వేరే మూడు జంటలు అడిగితే వాళ్ల మ్యాచ్‌లు చివరికి వేశాను. అలా అడగవచ్చని వాళ్లకు తెలుసు. ఆటగాళ్లు రెఫరీని కోరవచ్చన్న వాక్యం నోటీసు బోర్డు మీద ఇంగ్లీషులో ఉంది. జోగికి తెలుగు, ఇంటి భాష దోర్లీ, హిందీ వచ్చు.

"అమ్మకెలా ఉంది?" అని అడిగాను.

"మలేరియా. సెలైన్ పెట్టిండ్రు. తగ్గుతది." ఆ మాట చెప్పి వెళ్లి హారిక పక్కన కూర్చుంది. మ్యాచ్ పూర్తయ్యేదాకా ఇద్దరూ లేవలేదు.

నాసిక్ జంట ఆ రోజు గెలిచింది, తర్వాతి రౌండులో ఓడింది. నేను పంపిన నివేదికలో డిఫాల్ట్ సమయంతో పాటు సోమవారం నాటి సంభాషణ కూడా రాశాను. పైనుంచి ఏ ప్రశ్నా రాలేదు. నియమం ప్రకారం నా తప్పు లేదు. జోగి, హారిక విడిపోలేదు. రెండు నెలల తర్వాత వేరే ఊళ్లో, వేరే రెఫరీ కింద మొదటి రౌండు గెలిచారని ఫలితాల పట్టికలో చూశాను.

డిఫాల్ట్ నిర్ణయం ఈనాటికీ సరైనదనే అనుకుంటాను. తప్పు అంతకు ముందు రోజు జరిగింది. రెఫరీ విచక్షణ గడియారం నొక్కాక వాడేది కాదు. వరుస వేసే ముందు, ఎదుట నిలబడ్డ మనిషిని ఇంకో ప్రశ్న అడగడానికి వాడాలి. మిగిలిన సర్వీసులో డబుల్స్ సంతకాల వేళ ప్రతి జంటనూ వాళ్లకు వచ్చిన భాషలో అడిగాను, ఏ వేళకు ఆడటం కష్టమవుతుందని. చాలామంది ఏ వేళైనా పర్వాలేదనే చెప్పారు.