గాజు తాగిన మందు

ఆ ప్రయోగశాలలో అందరూ ఆమెను పెద్దక్క అనే పిలుస్తారు. ఇరవై రెండేళ్లుగా అక్కడ నీటి ఈగల్ని సాకుతోంది. ఆవగింజంత ప్రాణులవి. ఒళ్లంతా గాజే, భూతద్దం పెడితే గుండె కొట్టుకోవడం కూడా కనిపిస్తుంది. పగలంతా వాటికి పచ్చటి నాచునీళ్లు పోసి ఇంటికి వెళ్తే, కోడలు తలుపు తీస్తూనే అడుగుతుంది.

"మీ పిల్లలు తిన్నారా అత్తయ్యా?"

"తిన్నారమ్మా. నీ మొగుడిలా వంకలు పెట్టరు."

కొత్త మందు ఏదొచ్చినా నీటిలో కలిపి, పుట్టి ఒక్కరోజు కూడా నిండని ఈగపిల్లల్ని అందులో వదులుతారు. రెండు రోజుల తర్వాత గ్లాసును మెల్లగా తట్టి, పదిహేను లెక్కపెట్టేలోగా ఎన్ని కదిలాయో చూస్తారు. వదిలే ముందు పెద్దక్క ఒక్క క్షణం కళ్లు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంటుంది. ఆ కాసేపూ గదిలో అందరూ మాటలాపేస్తారు. అలా ఆపమని ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

ఈసారి వచ్చింది చెరువుల్లో పాతే కొయ్యలు పుచ్చిపోకుండా పూసే మందు. మైనంలాంటిది. నీటిలో కరగనంటే కరగనని మొండికేసింది. పరీక్షలు చూసే డాక్టరమ్మ రెండు రోజులు కలియబెట్టి, వడగట్టి, కరిగిన ఆ కాస్తనూ కొలిచి రాసుకుంది. ఆ నీళ్లలో ఈగపిల్లల్ని వదిలి రెండు రోజుల తర్వాత చూస్తే అన్నీ చెంగుచెంగున ఈదాయి.

"గండం గడిచింది పెద్దక్కా. హాని లేదని సాయంత్రానికల్లా కాగితం పంపేస్తా," అంది డాక్టరమ్మ.

పెద్దక్క ఈగల్ని వేరే నీళ్లలోకి మార్చి గ్లాసులు కడగడం మొదలుపెట్టింది. శుభ్రమైన గాజు మీద నీళ్లు పల్చటి పొరలా జారతాయి. ఈ గ్లాసుల మీద మాత్రం తామరాకు మీద లాగా బొట్లుబొట్లుగా నిలిచాయి. ఆమె చేయి ఆగిపోయింది. ఆ కాగితం వెళ్లిందంటే ఎన్ని చెరువుల్లో ఎన్ని కొయ్యలు దిగుతాయో. తన అనుమానం తప్పైతే నవ్వులపాలు కావాలి, అంతేగా అనుకుని తడిచేతులతోనే వెళ్లింది.

"డాక్టరమ్మా, మందు నీళ్లలో లేదు. గాజుకు పట్టేసింది."

"కల గాని వచ్చిందా పెద్దక్కా?" అన్నాడు పక్క బల్ల దగ్గర మందులు తూచే అతను.

"కల కాదు నాయనా, జిడ్డు. బుద్ధి తెలిసినప్పట్నుంచీ గిన్నెలు తోముతున్నదాన్ని, ఆ మాత్రం పోల్చుకోలేనా?"

డాక్టరమ్మ నవ్వలేదు. ఇంకా వంచని గ్లాసులోని నీళ్లను మిషనులో పెట్టి కొలిచింది. మొదట్లో ఉన్నదాంట్లో నాలుగో వంతే మిగిలింది. ఈగలు ఈ రెండు రోజులూ ఈదింది దాదాపు మంచినీళ్లలోనే.

"ఒకసారి కొలిచి ఊరుకున్నాను. తప్పు నాదే," అంది డాక్టరమ్మ. "ఇప్పుడేం చేద్దాం?"

"కొత్త కుండ ముందు తన దాహం తీర్చుకుంటుంది కదమ్మా. గ్లాసుల్నీ తాగనిద్దాం. ఒక రోజు మందునీళ్లు పోసి ఉంచి, వ్యర్థాల డబ్బాలోకి వంచేసి, మళ్లీ కొత్తవి పోసి అప్పుడు పిల్లల్ని వదులుదాం. మర్నాడూ మందునీళ్లు మారుద్దాం."

కాగితం ఆగింది. ఆమె చెప్పినట్టే చేసి, ఈసారి మొదటా చివరా కూడా కొలిచారు. మందు నీళ్లలోనే నిలిచింది. పోలిక కోసం మందు కలపకుండా ఉంచిన గ్లాసుల్లో ఈగలు ఎప్పటిలాగే చిందులేస్తున్నాయి. మందు గ్లాసుల్ని పెద్దక్క ఒక్కొక్కటే తట్టి, పదిహేను లెక్కపెట్టింది. ఒక్కటీ కదల్లేదు. ఇరవైకి ఇరవై.

డాక్టరమ్మ హాని ఉందని తిరగరాసి, 'పరిశీలించినవారు' అన్నచోట వేలు పెట్టి చూపించి పెన్ను పెద్దక్క చేతికిచ్చింది. చేతులు తడిగా ఉన్నాయని తూకం అతను తన తువ్వాలు తెచ్చి అందించాడు. ఆమె తొందరపడకుండా, అక్షరం అక్షరం విడివిడిగా సంతకం పెట్టింది.

సాయంత్రం కోడలు తలుపు తీసింది.

"మీ పిల్లలు తిన్నారా అత్తయ్యా?"

"ఇరవై మంది పోయారమ్మా. చెప్పాల్సింది చెప్పి పోయారు."

కోడలు ఆమె చేతిలోని సంచి అందుకుని, కాళ్లు కడుక్కోవడానికి వేడినీళ్లు తెచ్చిపెట్టింది.